అలంకారం – అలంకార్యం: నెపోలియన్ అంత్యయాత్రపై విక్టర్ హ్యూగో వచనం

1840 డిసెంబరు 15న నెపోలియన్ అవశేషాల ఊరేగింపు పారిస్‌లో జరిగింది. సెయింట్ హెలెనా దీవిలో 1821లో మరణించిన చక్రవర్తిని, రాజు లూయీ ఫిలిప్ ప్రభుత్వం రాజలాంఛనాలతో ఆంవలీద్ మందిరానికి తరలించింది. ఆ ఊరేగింపును చూసిన విక్టర్ హ్యూగో రాసుకున్న వచనం ఆయన మరణానంతరం ‘షోజ్ వ్యూ’ (చూసిన విషయాలు) సంపుటిలో వెలువడింది. నాటి అలంకరణలను హ్యూగో ఏ కారణంగా తప్పుపట్టాడో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

మందిరం ముందరి మైదానంలో ఫ్రాన్స్ రాజులవీ వీరులవీ 32 విగ్రహాలు నిలిపారు. అవన్నీ చలువరాతిని అనుకరించిన ప్లాస్టర్ బొమ్మలు. బంగారుపూత పూసిన మహారథాన్ని 16 గుర్రాలు లాగాయి. ఈ కృత్రిమత్వం హ్యూగో దృష్టిని దాటిపోలేదు. అయితే ఆయన అభ్యంతరాన్ని కేవలం అనౌచిత్యంగా లెక్కించడం చాలదు. దూరాన, పొగమంచులోనూ ఎండలోనూ కదిలివచ్చిన రథం ఆయనకు బంగారుకొండలా తోచింది. అంతవరకు అలంకారం సఫలమే. రథం దగ్గరయ్యాకే లోపం బయటపడింది. అసలు శవపేటిక రథపీఠంలో దాగి ఉంది. పైన కనిపించినది దాని నమూనా మాత్రమే. ప్రజలు చూడగోరినదాన్నే రథం కప్పివేసిందన్నది హ్యూగో ఆరోపణ. విగ్రహాలు నిజమైన చలువరాతివే అయినా ఈ లోపం తీరేది కాదు. తాను ఆవాహన చేసిన ప్రేతానికి ప్రభుత్వమే జంకినట్లుందని ఆయన భావించాడు.

అలంకారం రసానికి అంగంగానే ఉండాలనీ, దాన్ని తగిన సమయంలో గ్రహించి తగిన సమయంలో విడిచిపెట్టాలనీ ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం ద్వితీయోద్ద్యోతంలో చెప్పాడు. పారిస్ రథం విడిచిపెట్టవలసిన చోట విడిచిపెట్టలేదు. అంగమే అంగిని మింగింది. అదే డిసెంబరులో చక్రవర్తి పునరాగమనాన్ని కీర్తిస్తూ హ్యూగో కవిత ప్రకటించాడు. కవితలోని స్తుతికీ వచనంలోని నిందకూ వైరుధ్యం లేదు. రెండింటిలోనూ అలంకార్యం నెపోలియనే. ఆయన మరుగుపడటమే నిందకు హేతువు.

ఈ వివేచన మన ప్రబంధాల పఠనానికీ ఉపకరిస్తుంది. నాయకుడి పురప్రవేశ ఘట్టంలో తోరణాలు, ముత్యాల ముగ్గులు, పన్నీటి కలాపి వర్ణించిన కవి, తరచుగా ఆ వెంటనే మేడలెక్కిన పురస్త్రీలను చూపుతాడు. వారి చూపులతో పాటు పాఠకుడి చూపు కూడా నాయకుణ్ణి చేరుతుంది. అక్కడ అలంకరణ చూపుకు దారి. కాబట్టి ఇటువంటి ఘట్టాలను వర్ణనాడంబరమని తోసిపుచ్చే ముందు, వర్ణన ఎంత పెరిగిందని గాక, దాని చివర నాయకుడు కనిపిస్తున్నాడా అని అడగడం న్యాయం.