బాలింత, వీరనారి, దేవత

తల్లిని దేవత అన్న సాహిత్యం మనకు కొల్లలుగా వుంది. బాలింతను మనిషిగా చూసిన సాహిత్యం ఎంత వుందన్నది వేరే ప్రశ్న. వాల్మీకి రామాయణంలో దశరథుని రాణులు పాయసం తాగుతారు; నెలలు నిండుతాయి; కొడుకులు పుడతారు. నొప్పి మాట లేదు. మన స్త్రీలు పాడుకున్న రామాయణపు పాటల్లోనైతే కౌసల్యకు వేవిళ్ళు వస్తాయి, నొప్పులు వస్తాయి, మంత్రసాని వస్తుంది. కావ్యానికీ పాటకూ వున్న యీ తేడా ఛందస్సుకు సంబంధించినది కాదు. కన్నవాళ్ళెవరు, దూరాన్నుంచి చూసినవాళ్ళెవరు అన్నదే యిక్కడ ముఖ్యం. ఇదే ప్రశ్నను మరొక జాతి వాఙ్మయానికి వేసి చూడడం యీ వ్యాసం వుద్దేశం.

మెక్సికో మూలవాసులైన నాహువాల మాటలను వాళ్ళ భాషలోనే రాయించినవాడు బెర్నార్దినో దె సహాగున్ అనే స్పానిష్ సన్యాసి. ఆయన 1529లో అక్కడికి వెళ్ళాడు. త్లాతెలోల్కో పెద్దలు చెప్పగా, లాటిన్ కూడా నేర్చిన నాహువా పండితులు రాయగా, పన్నెండు సంపుటాల గ్రంథం 1577 నాటికి పూర్తయింది. నేడు ఫ్లోరెన్సు నగర గ్రంథాలయంలో వుండడం చేత దానిని ఫ్లోరెంటైన్ కోడెక్స్ అంటారు. ఆరవ సంపుటం వాళ్ళ వక్తృత్వానికి నిలయం. గర్భం నిలిచిన నాటి నుంచి బిడ్డకు స్నానం చేయించే దాకా బంధువులూ మంత్రసానీ పలికే మాటలు అందులో అధ్యాయాలకు అధ్యాయాలు వున్నాయి.

ఆ మాటలకు ప్రాణం వొక వుపమానం. ప్రసవం యుద్ధం. బిడ్డ భూమ్మీద పడగానే మంత్రసాని యుద్ధరంగంలో వీరులు వేసే కేక వేస్తుంది. తల్లి పోరాడి గెలిచిందనీ, బిడ్డను బందీగా పట్టి తెచ్చిందనీ దాని అర్థం. కాన్పులో చనిపోయిన స్త్రీ దేవత అవుతుంది. నడిమింటి నుంచి పడమటి దాకా సూర్యుణ్ణి సాగనంపే వీరాంగనల్లో చేరుతుంది. ఆమె శవాన్ని భర్తా, ముసలి మంత్రసానులూ నాలుగు రాత్రులు కావలి కాయాలి. ఎందుకంటే పడుచు సైనికులు ఆమె నడిమి వేలూ జుట్టూ కోసుకుపోయి, డాళ్ళకు కట్టుకుని యుద్ధంలో ధైర్యం పొందాలని చూస్తారు.

చదివినవాళ్ళు ముగ్ధులవుతారు. స్త్రీ బాధను యింత వెల కట్టిన జాతి వేరే వుందా అంటారు. విమర్శకుడు మాత్రం అక్కడ ఆగకూడదు. యుద్ధమే జీవనాధారమైన రాజ్యం తెనోచ్తిత్లాన్. దానికి సైనికులు కావాలి, కప్పం కావాలి. స్నానపు రోజున మగబిడ్డ ముందు చిట్టి విల్లూ డాలూ పెట్టేవారు. ఆడబిడ్డ ముందు కదురూ నేత సామానూ పెట్టేవారు. మగబిడ్డ బొడ్డుతాడు యుద్ధభూమిలో పాతేవారు. ఆడబిడ్డది పొయ్యి దగ్గర. కప్పంగా పోయే వేల నూలుబట్టలు స్త్రీలు నేసినవే. అంటే వీరనారి అన్న ఆమె మర్నాడు మళ్ళీ మొక్కజొన్న నూరే రాయి దగ్గరకూ, మగ్గం దగ్గరకూ పోవలసిందే. చనిపోయినదానికి దేవతాపదవి యివ్వడానికి రాజ్యానికి ఖర్చేమీ లేదు. పైగా ఆ దేవతలే నాలుగుదారుల కూడలిలో పిల్లలను పట్టుకుంటారని భయం! బాలింత దయ్యం కథలు విన్న మనకు యిది కొత్త కాదు.

బతికిన తల్లి మాటేమిటి? అందుకు జవాబు వుపన్యాసాల్లో తక్కువ, ఆవిరిగదిలో ఎక్కువ. దానిని తెమస్కాల్ అంటారు. రాతితోనో మట్టితోనో కట్టిన పొట్టి గది, పక్కన నిప్పు, కాలిన గోడ మీద నీళ్ళు చల్లితే ఆవిరి. కొత్తగా కన్నవాళ్ళు యిందులో స్నానం చేస్తే వొళ్ళు కుదుటపడుతుందని కోడెక్స్ చెబుతుంది. గర్భిణికి వేడి ఎక్కువ కాకూడదన్న హెచ్చరిక కూడా వుంది. నొప్పులు రావడానికి యిచ్చే మొక్క పేరు సివాపాత్లి, అంటే స్త్రీల మందు. గర్భాశయాన్ని ముడిచే గుణం దానికి వుందని యిరవయ్యో శతాబ్దపు పరిశోధకులు తేల్చారు. గమనించవలసిన మరో సంగతి: వైద్యుడికీ మంత్రసానికీ ఆ భాషలో వొకటే మాట, తిసిత్ల్. మన భాషలో వైద్యుడొక మెట్టు మీదా, మంత్రసాని మరొక మెట్టు కిందా వున్నారు. ఆ మెట్లు కట్టింది కులమే.

తెమస్కాల్‌లో మహిమ యెక్కడుంది? దేవత దగ్గర కాదు. కట్టెలు మోసినవాళ్ళ దగ్గర, నీళ్ళు తెచ్చినవాళ్ళ దగ్గర, వొళ్ళు పట్టినవాళ్ళ దగ్గర, ఆమె బదులు మొక్కజొన్న నూరినవాళ్ళ దగ్గర వుంది. ఆ చేతులు లేకపోతే ఆవిరిగది వట్టి రాళ్ళగుట్ట. సరిగ్గా ఆ చేతులనే వలసపాలన తెగకొట్టింది. 1545 మహమ్మారిలో పదివేలకు పైగా శవాలను తానే పూడ్చానని సహాగున్ రాసుకున్నాడు; 1576లో గ్రంథం ముగుస్తుండగా మళ్ళీ మహమ్మారి వచ్చింది. మిగిలినవాళ్ళ మీద వెట్టి పడింది. ఆడామగా కలిసి స్నానం చేస్తారని సన్యాసులు ఆవిరిగదులను అనుమానించారు. అయినా అవి నాహువా, మాయా పల్లెల్లో నేటికీ బతికి వున్నాయి.

ఈ వాఙ్మయానికి వొక లోపం వుంది, దాచకూడదు. మంత్రసాని మాటలు మనకు చేరింది పురుషుల నోటి మీదుగా, పెద్దింటివాళ్ళ జ్ఞాపకం మీదుగా, సన్యాసి కాగితం మీదుగా. బీదనేతగత్తె యెన్నాళ్ళు పడుకుందో యెవరూ అడగలేదు.

నేడు రెండు తప్పుదారులున్నాయి. ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేసేది వొకటి. అంతా ప్రాచీన విజ్ఞానమని నెత్తిన పెట్టుకునేది రెండోది. మొదటి దారి చివర 2013లో వోహాకా రాష్ట్రంలో తలుపు తెరవని ఆరోగ్యకేంద్రం బయట పచ్చిక మీద వొక మసాతెక్ స్త్రీ బిడ్డను కన్నది. రెండో దారి చివర విలాస హోటళ్ళలో పర్యాటకులకు తెమస్కాల్ అమ్ముతున్నారు. రెండింటిలోనూ పల్లె బాలింత లేదు.

మన పురిటింటిలోనూ యిదే ముడి వుంది. వేణ్ణీళ్ళూ కాయం ముద్దా సాంబ్రాణి పొగా ఒక పోగు. మైలా అంటూ మరో పోగు. అంటు పేరనే అయినా కలిగినింటి బాలింతకు కొన్నాళ్ళ విశ్రాంతి దక్కింది; ఆమె గుడ్డలు వుతికిన చాకలామెకు అదీ దక్కలేదు. 1961 చట్టం పన్నెండు వారాల ప్రసూతి సెలవిచ్చింది. 2017లో అది యిరవైయారు వారాలైంది. కళ్ళంలో పనిచేసే కూలిమనిషికి ఆ వారాలు కాగితం మీదే మిగిలాయి.

కనుక మాతృత్వాన్ని పొగిడే యే రచన చేతికి వచ్చినా, కన్న మర్నాడు ఆ తల్లి బదులు పొయ్యి రాజేసిందెవరో అందులో వుందా అని వెతకాలి. లేకపోతే ఆ పొగడ్త ఆమెకు చెందదు.