పిట్టల పుటలు

పొద్దున్నే చెరువుగట్టున బైనాక్యులర్స్‌తో నిలబడి పిట్ట పేరు, తేదీ, చోటు, ఎన్ని కనిపించాయో నోటుబుక్కులో రాసుకునే మనిషికి జీతం లేదు. ఆ రాత నలుగురికీ చేరాలంటే పత్రిక కావాలి. 1960లో జఫర్ ఫతేహల్లీ మొదలుపెట్టిన ‘న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్’ సైక్లోస్టైల్ కాగితాలతోనే ఆ పని చేసింది.

హైదరాబాదు నుంచి ఆశీష్ పిట్టీ సంపాదకత్వంలో వచ్చిన ‘ఇండియన్ బర్డ్స్’ మరో అడుగు వేసింది. చందాదారులకు అచ్చుప్రతి పంపుతూనే, అవే పుటలను పీడీఎఫ్‌గా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. చందా డబ్బులతో నడిచే చిన్న పత్రికకు ఇది ధైర్యమైన పనే.

ఇందులో కనబడని చాకిరీ చాలా ఉంది. ఫలానా పిట్టే అని ఎలా గుర్తుపట్టారో రచయితను అడగాలి, ఫోటో చూడాలి, శాస్త్రీయనామం అక్షరం అక్షరం సరిచూడాలి. అచ్చులోని పుట సంఖ్యే తెరమీదా ఉండాలి. లేకపోతే రేపు ఎవరైనా ఉటంకించబోతే దారి తప్పుతారు. పాత సంచికలు స్కాన్ చేసేటప్పుడు అక్షరాలను కంప్యూటర్ గుర్తించేలా చేయాలి. అప్పుడే పేరు కొట్టగానే ఎప్పటిదో చిన్న నివేదిక బయటపడుతుంది. నాకు ఈ పనిమీద ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు.

కాగితం అటకమీద భద్రంగా ఉంటుంది, తెర ఊరూరా తిరుగుతుంది. రెండూ కావాలి. మీ ఇంట్లో ఇలాంటి పాత సంచికలుంటే చిత్తుకాగితాలవాడికి వేయకండి. ముందు ఆ పత్రికవాళ్లకు ఒక మాట చెప్పండి.