అంకెలకు ఆకృతి: ఆచార్య ష్నైడర్‌మన్ కృషి - ఒక పరిశీలన

పుటలకొలది అంకెలున్న పట్టికను ఎంత శ్రద్ధతో చదివినను, అందులో ఏది పెద్దదో, ఏది వింతగా ఉన్నదో వెంటనే బోధపడదు. ఆ అంకెలనే గళ్ళుగాను, చుక్కలుగాను, రంగులుగాను మార్చి చూపినచో కన్ను క్షణములో పసికట్టును. కంటికి గల ఈ శక్తిని కంప్యూటర్ తెరపై వినియోగించు శాస్త్రమునకు సమాచార దృశ్యీకరణమని పేరు. దీనికి పునాదులు వేసినవారిలో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ విశ్రాంత ఆచార్యుడు బెన్ ష్నైడర్‌మన్ ముఖ్యుడు. ఈయన కృషిలో నిలిచినదేది, సవరణకు లోనైనదేది అని విచారించుట అవసరము.

ష్నైడర్‌మన్ 1947లో న్యూయార్కులో జన్మించెను. 1973లో డాక్టరేటు పొందెను. ఆ సంవత్సరముననే ఐజాక్ నాసీతో కలిసి, ప్రోగ్రాము నడకను బాణపు గుర్తులతో గాక పెట్టెలో పెట్టె ఇమిడినట్లు చూపు పటములను ప్రకటించెను. 1976లో మేరీలాండ్ చేరెను. మనిషికిని కంప్యూటరుకును గల సంబంధమును పరిశీలించుటకై 1983లో అచట ఒక ప్రయోగశాలను స్థాపించి, 2000 వరకు నడపెను.

1990లో ఆ ప్రయోగశాలకు ఒక చిక్కు వచ్చినది. 14 మంది వాడుకొను 80 మెగాబైట్ల డిస్కు నిండిపోయెను. ఉమ్మడి కొట్టుగది నిండినప్పుడు ఎవరి సామాను ఎంత ఉన్నదో తేలనట్లే, డిస్కులో ఏది ఎంత చోటు ఆక్రమించినదో తెలియకుండెను. దీనికి ష్నైడర్‌మన్ కనుగొన్న ఉపాయమే ట్రీమ్యాప్. డిస్కు మొత్తమును ఒక దీర్ఘచతురస్రముగా గీయుదురు. అందులో 20 మెగాబైట్ల విభాగమున్నచో దానికి నాలుగవ వంతు వెడల్పు నిచ్చి నిలువుగా కోయుదురు. ఆ విభాగములోని ఉపవిభాగములను అడ్డముగా, వానిలోని వానిని మరల నిలువుగా కోయుచు పోదురు. తుదకు తెరలో ఒక్క చుక్కయు వృథా కాదు. పెద్ద ఫైలు పెద్ద గడిగా కంటబడును. 1973నాటి పెట్టెలో పెట్టె ఇచట మరల కనిపించుచున్నది. 1998లో మార్టిన్ వాటెన్‌బర్గ్ ఈ పద్ధతితోనే స్టాకు మార్కెట్టు పటమును నిర్మించెను. అందులో గడి వైశాల్యము కంపెనీ విలువను, రంగు ధర హెచ్చుతగ్గులను తెలుపును.

అయితే ఈ పటమునకు లోపములు లేకపోలేదు. రేఖల పొడవును పోల్చినంత ఖచ్చితముగా కన్ను వైశాల్యములను పోల్చలేదని క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనువారు 1984లోనే చూపిరి. పైగా, నిలువు, అడ్డము కోతలవలన కొన్ని గళ్ళు సన్నని పీలికలగును. 2000లో నెదర్లాండ్స్‌కు చెందిన బ్రుల్స్, హైజింగ్, వాన్ వైక్ గళ్ళను చదరమునకు దగ్గరగా తెచ్చిరి. కాని అప్పుడు వస్తువుల వరుస చెడును. అంకెలు మారినప్పుడెల్ల గళ్ళు చోటు మారును. వరుసను కొంత కాపాడు పద్ధతిని ష్నైడర్‌మన్, వాటెన్‌బర్గ్ 2001లో ప్రతిపాదించిరి. ఆకారము బాగుపడిన వరుస చెడుట, వరుస నిలిచిన ఆకారము చెడుట ఈ పటమునకు సహజము. కావున పెద్దవానిని గుర్తించుటకు ఇది మేలైన సాధనము. సూక్ష్మమైన తేడాలను కొలుచుటకు సాధారణమైన పట్టీల పటమే మేలు.

ఈయన రెండవ కానుక, కదలు ప్రశ్నల పద్ధతి. 1992లో వాషింగ్టన్ నగర ప్రాంతపు ఇండ్లను పటముపై చుక్కలుగా చూపు ఒక ప్రోగ్రామును ఈయన, క్రిస్టఫర్ విలియమ్సన్ వివరించిరి. ధర, పడకగదుల సంఖ్య మొదలగువాని మీటలను జరిపినకొలది తగని ఇండ్లు మాయమగును. ప్రశ్నను వ్రాయనక్కరలేదు, చేయి జరుగుటయే ప్రశ్న, తెర మారుటయే జవాబు. ఇచటనే ఒక జాగ్రత్త అవసరము. తెరపై ఒక పేట ఖాళీగా ఉన్నదన్నచో అచట ఇండ్లు లేవని అర్థము కాదు. వాని వివరములు అసలు నమోదు కాకపోయి ఉండవచ్చును. ఉన్న సమాచారమును పటము ఎంత బాగుగా చూపునో, లేనిదానిని అంత బాగుగా మరుగుపరచును.

1996నాటి వ్యాసములో ష్నైడర్‌మన్ తన అనుభవమును ఒక సూత్రముగా కూర్చెను. ముందు మొత్తమును చూపవలెను; పిదప చూచువాడు కోరిన భాగమునకు దగ్గరగా పోయి, అక్కరలేనివానిని తొలగించుకొనవలెను; వివరములను అడిగినప్పుడే ఇయ్యవలెను. ఈ సూత్రమును ఉదహరించినవారు అనేకులు, ప్రయోగములతో పరీక్షించినవారు కొందరే అని క్రాఫ్ట్, కెయిర్న్స్ 2005లో విమర్శించిరి. అతి పెద్ద సంబంధజాలములలో మొత్తమును గీసినచో చిక్కుపడిన నూలుండయే మిగులును. అందుచేత వాన్ హామ్, పెరర్ 2009లో ముందు వెదకి, చుట్టుప్రక్కలను చూపి, కోరినంత విస్తరించు పద్ధతిని సూచించిరి. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. సూత్రములోని వరుస అన్నిచోట్ల చెల్లదు.

అయినను ఈ సూత్రపు ప్రాణము వరుసలో లేదు. ఎప్పుడు ఏది చూడవలెనో నిర్ణయించువాడు చూచువాడే అనుటలో ఉన్నది. వాన్ హామ్, పెరర్‌ల పద్ధతియు దీనిని కాదనలేదు. 1997లో ఎం.ఐ.టి.కి చెందిన ప్యాటీ మేజ్‌తో జరిగిన వాదములో, మనుష్యుని బదులు తామే పనిచేయు ప్రోగ్రాములను ఆమె సమర్థింపగా, పగ్గములు మనుష్యుని చేతిలోనే ఉండవలెనని ష్నైడర్‌మన్ పట్టుబట్టెను. 2022లో కృత్రిమ మేధపై వెలువరించిన గ్రంథములో, యంత్రము స్వయముగా చేయు పని ఎక్కువైనను మనుష్యుని అదుపు తగ్గనక్కరలేదని వాదించెను. ఋణము ఎవరికి ఇయ్యవలెనో, రోగికి ఏ మందు వాడవలెనో యంత్రములు సూచించు ఈ దినములలో, ఆ సూచనకు ఆధారమును తెరచి చూడగల హక్కు చిన్న విషయము కాదు. ట్రీమ్యాప్ గళ్ళకంటె, 1996నాటి సూత్రముకంటె, ష్నైడర్‌మన్ కృషిలో నిలువదగినది ఈ పట్టుదలయే.