నూనె హీటరు, మీటరు లైటు

డిసెంబరు చివర్లో భిలాయిలో రాత్రిపూట చలి పది డిగ్రీల దాకా దిగుతుంది. సెక్టార్ క్వార్టర్లలో అటకమీది హీటర్లు కిందికొస్తాయి, వాటితోపాటే ఏటా ఉండే తగువూనూ. మా పక్కింటి బాబాయిగారు శ్రీకాకుళం నుంచి వచ్చి, ఇక్కడి రైల్ మిల్లులో చేసి రిటైరయ్యారు. మా నూనె రేడియేటర్ దగ్గర చేతులు చాపి, “ఏటమ్మా ఇది! ముఖానికి సెగే తగల్దు. రెండు వేల వాట్లంటే నమ్మమంటావేటి?” అన్నారు.

ఆయన ముఖం అబద్ధం చెప్పదు. సెగ వేడితోపాటు మామూలుగా పెరగదు. సున్నా కెల్విన్ నుంచి లెక్కేసిన ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంగా పెరుగుతుందని భౌతిక శాస్త్రవేత్త స్టెఫాన్ 1879లోనే చెప్పాడు. ఆయన మిల్లులో తొమ్మిది వందల డిగ్రీల దగ్గర ఎర్రగా మెరిసే రైలు పట్టా ఒక్కో చదరపు మీటరు నుంచి ఎనభై కిలోవాట్లకు పైగా విసురుతుంది. ఎనభై డిగ్రీల రేడియేటర్ రేకు, గది నుంచి తిరిగి అందుకునే సెగ పోగా, నికరంగా విసిరేది నాలుగు వందల వాట్లు. రెండు వందల రెట్ల తేడా! పైగా ఆ రేకులు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, ఒకటి విసిరిన సెగను పక్కది మింగేస్తుంది. రేకులన్నిటి వైశాల్యం కొలిచి గుణిస్తే లెక్క తప్పుతుంది. వాటి అసలు పని గాలిని వేడిచేయడం.

ఇక ఎంత వేడి ఇస్తోందో తేల్చేది గుమ్మం పక్కనున్న మీటరు. దానిమీద 3200 ఇంపల్స్ అని రాసి ఉంటే, చిన్న ఎర్రలైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్. ఫ్రిజ్జూ ఫ్యానూ ఆపి హీటరొక్కటే పెట్టాలి. నిమిషానికి 107 సార్లు వెలిగితే రెండు వేల వాట్లు పూర్తిగా లాగుతున్నట్టే. లాగిందంతా వేడిగా గదిలోకే వస్తుంది. కాయిల్ హీటరుకైనా ఇదే లెక్క. “నూనెది కరెంటు తక్కువ తింటుంది” అనే షాపువాడి మాటలో ఉన్నదల్లా థర్మోస్టాట్ మహిమే. అది కట్ చేయగానే లైటు నెమ్మదిస్తుంది, అందుకే ఒక్క నిమిషం చూసి ఊరుకోకుండా గంట యూనిట్లు చూడాలి. యూరప్‌లో కొన్ని ఇళ్లలో వేడినీళ్ల రేడియేటర్లకు కరెంటు బదులు నీళ్లనే కొలుస్తారు: నిమిషానికి లీటరు పారి, పది డిగ్రీలు చల్లబడి బయటికొస్తే, దాదాపు ఏడు వందల వాట్లు.

కుర్చీలో కూర్చుని కాళ్లు కాచుకోవడానికైతే నా ఓటు కాయిల్‌కే. బాబాయిగారి ఓటు మాత్రం గొర్సీకి. ఆ మట్టికుంపట్లో కిలో కర్రబొగ్గు ఎనిమిది యూనిట్ల వేడి ఇస్తుంది, కాదనను. వాకిట్లో అయితే నేనూ పక్కన పీట వేసుకుంటాను. తలుపులేసిన పడకగదిలో మాత్రం వద్దు. ఆ బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.