మైనేతా ఏ పక్షం?

ఎన్నికలొస్తే చాలు, పేపర్లో ఓ బాక్స్ ఐటం తప్పదు: ఇంతమంది కోటీశ్వరులు, ఇంతమందిపై క్రిమినల్ కేసులు. కింద ‘ఏడీఆర్ నివేదిక’ అని ఉంటుంది. ఆ లెక్కలన్నీ ఉండే చోటు మైనేతా వెబ్‌సైట్. పుస్తకాన్ని సమీక్షించినట్టే దీన్నీ సమీక్షించాలని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఇది చదివి మనలో చాలామంది ఎవరికి ఓటెయ్యకూడదో తేల్చుకుంటున్నాం. వికీపీడియా వాళ్లు ఏ వ్యాసానికైనా రెండు ప్రశ్నలు వేస్తారు: విషయానికి ప్రాముఖ్యత ఉందా? దృక్కోణం తటస్థంగా ఉందా? అవే ఈ సైటుకీ వేసి చూద్దాం.

ప్రాముఖ్యతకి బయటివాళ్లే సాక్ష్యం చెప్పాలి, మన గురించి మనం చెప్పుకుంటే చెల్లదు. మరి పేపర్లన్నీ రాస్తున్నాయిగా అనొచ్చు. కానీ ఒకదాన్ని వాడుకోవడం వేరు, దాని గురించి రాయడం వేరు. ఒకే ప్రెస్‌నోట్‌ని దించేసిన వార్తలు వంద ఉన్నా నా లెక్కలో అది ఒక్క సాక్ష్యమే. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ సైటు వెనకున్నది అసోసియేషన్ ఫర్ డెమొక్రాటిక్ రిఫార్మ్స్. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు కలిసి పెట్టిన సంస్థ. అభ్యర్థుల కేసులు, ఆస్తులు, చదువు తెలుసుకునే హక్కు ఓటరుకి ఉందని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది వీళ్ల కేసులోనే. 2024లో ఎలక్టోరల్ బాండ్లని కొట్టేసిన కేసులోనూ వీళ్లు పిటిషనర్లు. అయితే ఆ పేరు సంస్థది. తండ్రి గొప్పవాడైతే కొడుకూ గొప్పవాడైపోడు కదా.

సైటు సొంతంగా చేసిందేంటో చూడాలి. అభ్యర్థుల అఫిడవిట్లని ఎన్నికల కమిషన్ స్కాన్ చేసి పెడుతుంది. స్టాంపులు, సంతకాలు, ఒక్కోసారి చేతిరాత, పేజీలకి పేజీలు. ఒకరిది చదవడమే ఓపిక. నియోజకవర్గంలో అందరివీ పోల్చి చూడటం మామూలు ఓటరు వల్ల అయ్యే పని కాదు. మైనేతా ఆ కాగితాలని పట్టికలు చేసింది. ఒకే మనిషి వేర్వేరు ఎన్నికల్లో ఏం ప్రకటించాడో పోల్చుకునే వీలిచ్చింది. ఈ పని ఎవరూ చెయ్యకపోతే 2002 నాటి హక్కు ఉండీ లేనట్టే. వికీ కొలతకి ఆనుతుందో లేదో వాళ్లు తేల్చుకుంటారు. నా దృష్టిలో మాత్రం ఈ ఎత్తిరాత పనే దాని ప్రాముఖ్యత.

తటస్థత దగ్గర ఇంత తేలిక కాదు. పార్టీల వరకూ పేచీ లేదు. అందరికీ ఒకే నమూనా, సమాచారం కూడా అభ్యర్థి సంతకం పెట్టి ఇచ్చిందే. కానీ పట్టికలో ఏ గడులుండాలో ఎంచుకోవడం కూడా ఒక అభిప్రాయమే.

2014లో కన్యాకుమారిలో ఆమ్ ఆద్మీ తరఫున నిలబడ్డ ఎస్.పి. ఉదయకుమార్ మీద 380కి పైగా కేసులు. ఆయన కూడంకుళం అణువిద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించిన ఉద్యమ నాయకుడు. 2019లో పథనంతిట్ట బీజేపీ అభ్యర్థి కె. సురేంద్రన్ మీద రెండొందలకి పైగా. ఎక్కువభాగం శబరిమల ఆందోళనలవి. ఇద్దరి రాజకీయాలూ ఉత్తర దక్షిణాలు. పట్టికలో మాత్రం ఇద్దరూ హత్య కేసున్నవాడి కంటే పైన కూర్చుంటారు. తెలంగాణ ఉద్యమంలో రాస్తారోకోలు, రైల్‌రోకోలు చేసినవాళ్ల కేసులూ ఇదే గడిలో పడతాయి.

‘తీవ్రమైన కేసులు’ అని సైటు వేరే చూపిస్తుందిగా అంటారు. చూపిస్తుంది. కానీ ఉదయకుమార్ మీద రాజద్రోహం సెక్షన్ కూడా పెట్టారు. అది తీవ్రమైనదే అవుతుంది మరి! ఏ సెక్షన్ పెట్టాలో మొదట రాసేది పోలీస్ స్టేషన్. అంటే ఆ గడిలో అంకె అభ్యర్థి గురించి ఎంత చెబుతుందో, ఆ రోజు అధికారంలో ఎవరున్నారో కూడా అంతే చెబుతుంది. కేసే నమోదు కాకుండా చూసుకోగలిగిన మనిషికి అక్కడ సున్నా ఉంటుంది. చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉంటుందో!

చదువు గడీ అంతే. డిగ్రీ ఉన్నవాడు మెరుగైన ప్రతినిధి అనే మన పట్నపు నమ్మకానికి అది ఊతమిస్తుంది. ఆస్తుల పెరుగుదల చూడండి. తాతల నాటి పొలం హైదరాబాద్ అంచున ఉంటే, ఐదేళ్లలో ఆస్తి పెరగడానికి ఆయన చెయ్యాల్సింది ఏమీ లేదు. పెరిగిన శాతం మాత్రం హెడ్‌లైన్ అవుతుంది.

కాబట్టి నా అంచనా ఇది. మైనేతా ఏ పార్టీ పక్షమూ కాదు. కానీ డబ్బు, కేసులు, డిగ్రీ అనే మూడు ప్రశ్నల పక్షం. ఎన్నికల సంస్కరణ కోసం కోర్టుకెళ్లే సంస్థకి సొంత ప్రశ్నలుండటం తప్పు కాదు. ఆ ప్రశ్నలు మాత్రమే ప్రశ్నలని మనం అనుకోవడంతోనే చిక్కు. అభ్యర్థి పేరు మీద నొక్కితే సెక్షన్లు, కేసుల వివరాలు లోపల ఉంటాయి. పేపర్‌కెక్కేది, మనం వాట్సాప్‌లో పంచేది పైనున్న అంకె. ఈ సైటు వాళ్లని నేను కోరేది ఒక్కటే: ఆ అంకె పక్కనే అవి ధర్నా కేసులో, దాడి కేసులో ఒక్క ముక్కలో చెప్పండి. వాళ్లు చెప్పేదాకా, ఒక మనిషిని కొట్టిపారేసే ముందు ఆ లోపలి పేజీ తెరిచే పని మనదే.