కర్త కనిపించని వాక్యాలు

వస్తువుకూ రూపానికీ ఉన్న సంబంధాన్ని కవిత్వంలోనూ కథలోనూ మనం ఎంతో చర్చించాం. అదే ప్రశ్న ఏడవ తరగతి ఇంగ్లీషు పాఠానికి వేసినవాళ్ళు తక్కువ. కాని రాయడమనే పని పిల్లలకు అలవాటయ్యేదీ, భయమయ్యేదీ అక్కడే.

1930లలో వెలువడిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం నాటి నుంచి నేటి గైడ్ల వరకు ఒక అభ్యాసం చెక్కుచెదరలేదు: కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చడం. రాముడు రావణుణ్ణి చంపాడు. రావణుడు రామునిచేత చంపబడ్డాడు. క్రియ మారింది, మార్కు పడింది. ఎందుకు మార్చాలి? ఆ ప్రశ్న పరీక్షలో రాదు. పైగా ‘బడు’ ప్రయోగం మన నిత్య వ్యవహారంలో అరుదు. ఇంట్లో వినని వాక్యాన్ని, దాని అవసరం చెప్పకుండా, పరాయి భాషలో కట్టమంటున్నాం.

భీమవరం చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో వరిచేలు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. అక్కడి కూలి ఇంటి పిల్ల ఆ సంగతిని రెండు విధాల రాయవచ్చు. ‘పొలం చెరువుగా మార్చబడింది.’ లేదా, ‘ఆసామి పొలాన్ని చెరువుగా మార్చాడు, మా అమ్మకు ఊడ్పుల పని పోయింది.’ వ్యాకరణం దృష్టిలో రెండూ ఒప్పులే. కాని మొదటి వాక్యంలో ఆసామి లేడు, అమ్మ అసలే లేదు.

కర్మణి ప్రయోగమే చెడ్డదని కాదు. చేసినవాడెవరో తెలియనప్పుడు అది కావలసిందే. తెలిసీ దాచదలచినప్పుడు కూడా అదే అక్కరకు వస్తుంది. ‘మీరు పనినుండి తొలగించబడ్డారు’ అన్న నోటీసులో తొలగించినవాడు కనబడడు. ఈ తేడా చెప్పని పాఠం వ్యాకరణ పాఠమే కాదు.

వ్యాసరచన గతీ ఇంతే. మురుగుకాలవ పొంగి ఇంట్లోకి నీళ్ళొచ్చిన పిల్ల కూడా ‘వర్షపు రోజు’ అనగానే గైడులోని వర్షాన్నే రాస్తుంది.

తప్పుల్లేని ఇంగ్లీషు రాకపోతే పేదపిల్లలకు ఉద్యోగాలెలా వస్తాయని కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. ఇంట్లో ఇంగ్లీషు వినబడే పిల్లలకంటే వీళ్ళకే వ్యాకరణం ఎక్కువ కావాలి. మారవలసింది వరుస. ముందు పిల్ల తన సంగతిని తన తెలుగులో చెప్పాలి. తరువాత నాలుగు ఇంగ్లీషు వాక్యాలు రాయాలి. ఆ వాక్యాల్లో దొర్లిన తప్పుల నుంచే వ్యాకరణం మొదలవ్వాలి. నలభైమంది ఉన్న తరగతిలో పేజీ అంతా ఎర్రసిరా చేయనక్కరలేదు. ఈ వారం క్రియాకాలాలు, వచ్చే వారం ఏకవచన బహువచనాలు దిద్దితే చాలు.

ఇది కొత్త మాట కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో పాఠశాలల పర్యవేక్షకుడు యేట్స్, గిడుగు రామమూర్తి లేవనెత్తిన ప్రశ్న ఇదే: పలికే భాష ఒకటి, బడి భాష మరొకటి అయితే చదువెలా వస్తుంది? బడి చదువును బయటి బతుకుతో ముడిపెట్టాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమూ చెప్పింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏ మాధ్యమం అన్న వివాదం చెలరేగింది. ఏ వాక్యం అన్న ప్రశ్న అందులో వినబడిందా?

మాధ్యమం ఏదైనా, తన వాక్యానికి తాను కర్త కాలేని పిల్ల ఎత్తిరాసే చేయిగా మిగిలిపోతుంది. ఆమె చేత ఆ మొదటి వాక్యం రాయించడం ఉపాధ్యాయుడి పని. ఆ పని సాహిత్యానికి వెలుపలిదని రచయితలమైన మనం అనుకోవడం పొరపాటు.