ముందు ఒక చుట్టు

మా అమ్మ దృష్టిలో గుడికి వెళ్లడమంటే ముందు చుట్టూ తిరగడం. ఎండకి బండలు కాలుతున్నా సరే, మూడు చుట్లు అయ్యాకే గడప తొక్కాలి. మేం తొందరపడితే, "లోపల కనపడేది అరక్షణం. దానికింత పరుగెందుకురా?" అనేది. అది భక్తి అనుకునేవాణ్ణి. చూడటానికి అదొక పద్ధతి కూడా అని తెలియడానికి నేను అరవయ్యో పడిలో పడి, జర్మనీలో కొలోన్ దాకా వెళ్లాల్సివచ్చింది.

తీసుకెళ్లినవాడు మా మేనల్లుడు. అక్కడికి గంట దూరంలో ఉద్యోగం. రైల్లో కూర్చోగానే ఫోను తీసి జాబితా చూపించాడు. ఇరవై ఒక్క చోట్లు, ఒక్కోదానికి ఇన్ని నిమిషాలని లెక్క.

"మావయ్యా, సాయంత్రం ఏడింటికల్లా మొత్తం కవర్ చేసేయొచ్చు."

"కవర్ చేయడానికి ఊరేమన్నా నోట్సు పుస్తకమట్రా, అట్టలేయడానికి?"

వాడు నవ్వాడుగానీ జాబితా మాత్రం తగ్గించలేదు.

కొలోన్ స్టేషను తలుపు దాటగానే ఎదురుగా కెథడ్రలే. మధ్యలో ఊరిని కాస్త చూపించి, మనల్ని సిద్ధం చేసి, అప్పుడు కనపడటం లాంటిదేమీ లేదు. 157 మీటర్ల జంట శిఖరాలు ఒక్కసారిగా నెత్తిమీదికి వచ్చేస్తాయి. నల్లగా, మసిబట్టినట్టు ఉంటాయి. మసి అన్నది పోలిక కోసం కాదు, చాలావరకు నిజంగానే అది ఫ్యాక్టరీల పొగా, రైలింజన్ల పొగా కలిసి ఇసుకరాయికి పట్టించిన రంగు. అందరిలాగే మేమూ మెడలు వెనక్కి వాల్చాం. ఒక శిఖరానికి పరంజా కట్టి ఉంది.

"ఛ, ఫొటో పాడైంది" అన్నాడు మావాడు.

నాకైతే ఆ పరంజాయే ఆ ఊరి అసలు ముఖం అనిపించింది. 1248లో మొదలైన కట్టడమిది. పదహారో శతాబ్దంలో డబ్బులూ ఉత్సాహమూ రెండూ అయిపోయి పని ఆగింది. సగం లేచిన దక్షిణ గోపురం మీద రాళ్లెత్తే కొయ్య క్రేను అలాగే మిగిలిపోయింది. లోపల మనుషులు నడుస్తుంటే తిరిగే చక్రంతో పనిచేసే రకం. అది మూడు వందల ఏళ్లకు పైగా అక్కడే నిలబడింది. అన్ని తరాల జనానికి కొలోన్ అంటే శిఖరాలు కాదు, ఆ క్రేనే. పాత చిత్రాల్లో ఊరిని గుర్తుపట్టేది దాన్ని బట్టే. ఎవరైనా దూరదేశం నుంచి తిరిగొస్తూ రైన్ నది వంపు దగ్గర ఆ కొయ్య ముక్కు చూసి "ఇల్లొచ్చింది" అనుకుని ఉంటారు. వాళ్లలో ఎవరికీ ఫొటో పాడైందన్న బాధ లేదు కదా.

పని మళ్లీ మొదలవడం వెనక కథ కూడా మామూలుది కాదు. పడమటి ముఖానికి మధ్యయుగంలో తోలుకాగితం మీద గీసిన నాలుగు మీటర్ల నక్షా ఎక్కడికో పోయింది. 1814లో సగం డార్మ్‌స్టాట్‌లో దొరికింది. మిగతా సగం రెండేళ్లకు పారిస్‌లో. 1842లో ప్రష్యా రాజు పునాదిరాయి వేశాడు, 1880లో పూర్తయింది. మొత్తం 632 ఏళ్లు. కొత్తవాళ్లు సొంత తెలివి చూపించకుండా పాత గీత మీదే నడిచారు. ఈ వినయం నాకు ఆ ఎత్తు కంటే గొప్పగా అనిపిస్తుంది. కెథడ్రల్ పని పూర్తయిన రోజున లోకం అంతమవుతుందని కొలోన్ జనం ఓ మాట అంటారట. మరమ్మతులు ఏనాడూ ఆగవు కాబట్టి లోకానికి వచ్చిన ప్రమాదమేమీ లేదు.

"లోపలికి పద మావయ్యా, నలభై నిమిషాలే ఉంది."

"ముందు ఒక చుట్టు తిరుగుదాం."

"ఇది గుడి కాదు కదా!"

"గుడే. దేవుడు వేరు."

కెథడ్రల్ కుడిచేతి వైపు ఉండేలా బయల్దేరాం, అమ్మ లెక్కప్రకారం. తిరగబోయే ముందే ఉత్తర గోపురం మూల స్తంభం దగ్గర ఆగాల్సివచ్చింది. 1943 నవంబరులో బాంబు పడి ఈ స్తంభంలో పెద్ద బొక్క పడింది. గోపురం కూలకుండా హడావిడిగా 27,500 ఇటుకలతో పూడ్చారు. చెక్కిన రాయి మధ్య ఎర్ర ఇటుకల మాసిక అరవై ఏళ్లు అలాగే కనపడింది. 2005 నాటికి దాన్ని రాతిపనితో కప్పేశారు. యుద్ధానికి గుర్తుగా ఉంచేయమని అడిగినవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే నేనూ వాళ్ల పక్షమే. ఇప్పుడక్కడ రంగు తేలిన రాయి ఉంది. తెలిసి చూస్తేనే తెలుస్తుంది.

ఉత్తరం వైపు స్టేషను గోల. తూర్పుకి తిరిగేసరికి గోడ గుండ్రంగా ఒంపు తిరిగింది. అటు రైన్, దానిమీద హోహెన్‌జోలెర్న్ వంతెన, వంతెన కంచె నిండా ప్రేమికులు వేసిన తాళాలు. తాళాలు మావాడి జాబితాలో ఉన్నాయి, ఈ ఒంపు లేదు. కానీ కెథడ్రల్ ఎందుకు పుట్టిందో చెప్పేది ఈ ఒంపే. ఏసు పుట్టినప్పుడు చూడవచ్చిన ముగ్గురు జ్ఞానులవని నమ్మే అస్థికలను 1164లో మిలాన్ నుంచి ఇక్కడికి తెచ్చారు. వాటికోసం బంగారు మందసం చేశారు. యాత్రికులు పోటెత్తారు, పాత చర్చి చాలలేదు. కొత్తది కట్టినప్పుడు ముఖ్య పీఠం వెనకనుంచి జనం నడిచి వెళ్లడానికి ఈ గుండ్రటి దారి, దాని వెంట ఏడు చిన్న మందిరాలు పెట్టారు. మనం ప్రదక్షిణ మార్గం అనేది అచ్చంగా ఇదే. మేనల్లుడి వైపు చూశాను. వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

దక్షిణం వైపు రాతిపనివాళ్ల కర్మశాల. శిల్పులు, గాజుపనివాళ్లు, వడ్రంగులు, కమ్మరులు ఏడాది పొడుగునా జీతానికి పనిచేస్తారు. ఒక మూల బాగయ్యేసరికి ఇంకో మూల అరుగుతుంది. యుద్ధం తరవాత కొత్తగా చెక్కిన బొమ్మల్లో ఫుట్‌బాల్ ఆటగాళ్లను కూడా దూర్చేశారు. పైన ఎక్కడో ఉన్నాయి, కింద నిలబడితే కనపడవు. చెక్కినవాడికి అది తెలుసు. అయినా చెక్కాడు.

దానికి ఆనుకునే రోమన్ మ్యూజియం. 1941లో బాంబుల నుంచి తలదాచుకునే గోతి తవ్వుతుంటే రోమన్ల నాటి డయొనైసస్ మొజాయిక్ బయటపడింది. మద్యం దేవుడు ఎప్పుడు లేవాలో అప్పుడే లేచాడనుకోవాలి. మేం వెళ్లినప్పుడు మరమ్మతులకని మ్యూజియం మూసేశారు.

అదే వైపు పైన ఓ పెద్ద కిటికీ బూడిదరంగులో నిర్జీవంగా కనపడింది. చుట్టు పూర్తిచేసి లోపలికి వెళ్లాక అదే కిటికీని చూసి ఇద్దరం మాటలు మానేశాం. చిత్రకారుడు గెర్‌హార్డ్ రిక్టర్ 2007లో చేసింది. 72 రంగులు, పదకొండు వేలకు పైగా చదరపు గాజుముక్కలు. దేవుడు లేడు, సాధువు లేడు, కథ లేదు. రంగులు ఎక్కడ పడాలో చాలావరకు కంప్యూటరు చీటీలు తీసినట్టు నిర్ణయించింది. ఇది మసీదుకైతే బాగుండేదని అప్పటి ఆర్చిబిషప్పుగారే విమర్శించారు. పన్నెండు దాటిన ఎండ దానిలోంచి దిగి నేలమీద పడుతుంటే ఓ చంటిపిల్ల ఆ రంగుల్ని చేత్తో పట్టుకోబోయింది. బయటనుంచి ముందే చూశాం కాబట్టే మాకంత ఆశ్చర్యం కలిగింది.

తరవాత మావాడు 533 మెట్లెక్కి గోపురం మీదికి పోయాడు. మధ్యలో 1923లో పోతపోసిన 24 టన్నుల గంట ఉంటుంది, ఊరివాళ్లు దానికి పెట్టుకున్న ముద్దుపేరు లావు పీటరు. నా మోకాళ్లు ఒప్పుకోలేదు. కింద, శిఖరం కొసన ఉండే రాతిపువ్వుకి అదే కొలతలో చేసిన నమూనా పక్కన కూర్చున్నాను. పైన పిడికెడంత కనపడే ఆ పువ్వు కిందకి వచ్చేసరికి తొమ్మిదిన్నర మీటర్లు. మెట్లెక్కలేనివాళ్లకి ఎత్తు అర్థమయ్యేది ఇక్కడే.

చివరికి మిగిలింది గంటన్నర. అమ్మ కోసం ఒక్కటి కొనాలన్నాను. నా చిన్నప్పుడు జ్వరమొస్తే చేతిరుమాలు మీద ఓడికొలోన్ చల్లి నుదుటిమీద వేసేది. ఆ మాటకి అర్థం కొలోన్ నీళ్లనే. 1709 నుంచి ఆ అత్తరు చేస్తున్న ఫరీనా వాళ్ల ఇల్లు పాత టౌన్‌హాలు దగ్గరుంది. సీసా కొని, టౌన్‌హాలు ముందు నడుస్తుంటే కాలికింద రాళ్లమధ్య అరచేయంత ఇత్తడి పలక. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు యూరప్ అంతటా నాటిన లక్షకుపైగా జ్ఞాపక పలకలకు ఇది తొలిపలక, 1992 డిసెంబరులో నాటింది. మిగతావాటిమీద ఆయా ఇళ్లనుంచి నాజీలు పట్టుకుపోయిన మనుషుల పేర్లుంటాయి. దీనిమీద మాత్రం రోమా, సింతీ జనాన్ని ఆష్‌విట్జ్‌కి తరలించమన్న హిమ్లర్ ఉత్తర్వు తొలి వాక్యాలున్నాయి. ఆ రోమా జనం మాట్లాడే భాష పుట్టింది మన ఉత్తరాదిలోనే. పొద్దుటినుంచి మెడ ఎత్తి తిరిగినవాళ్లం, ఇద్దరం తలొంచుకుని నిలబడ్డాం. మావాడు వంగి జర్మన్ చదివి, నాకు తెలుగులో చెప్పాడు. మధ్యలో ఒకచోట మాట దొరక్క ఆగాడు.

కొలోన్ వెళ్లేవాళ్లకి ఒక్క మాట. గోపురానికి లిఫ్టు లేదు, మోకాళ్లు చూసుకుని నిర్ణయించుకోండి. పడమటి ద్వారం ముందు నిలబడి ఎడమకి తిరిగితే కెథడ్రల్ మీ కుడిచేతికి వస్తుంది. ఆగి ఆగి నడిస్తే చుట్టు తిరగడానికి ముప్పావుగంట పడుతుంది. దానికి టికెట్టు అక్కర్లేదు.